అనంతపురం ఎండ, కరువు: భూతాపానికి ఏది ఋజువు, ఏది కాదు

గుంతకల్లు దగ్గర పల్లె నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "మా జిల్లాలో ఎప్పుడూ ఎండలే, ఎప్పుడూ కరువే. నాలుగేళ్లలో మూడుసార్లు మా నాన్న శెనక్కాయ పంట పోయింది. అందరూ భూతాపం అంటున్నారు. దానికి ఋజువేమిటి? ప్రభుత్వాలు నిజంగా ఏమైనా చేస్తున్నాయా? ఈసారి నాన్నను శెనక్కాయ వెయ్యమనాలా, వద్దా?"

బాబూ, నేను వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో, వాతావరణ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం మన జిల్లాలోనే గడిచింది. పొద్దున్నే తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి ఉష్ణమాపకాలు చూడటం, ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో నీళ్లు కొలవటం, రిజిస్టర్లో ఎక్కించటం నా రోజువారీ పని. నీ ప్రశ్నలో మూడు ముడులున్నాయి. నాకు తెలిసినంతలో విప్పుతాను.

ముందు ఒక మాట. అనంతపురం కరువును భూతాపానికి ఋజువుగా ఎవరు చూపించినా ఒప్పుకోవద్దు. మ్యాపు ముందేసుకుని చూడు. నైరుతి మబ్బులు అరేబియా సముద్రం నుంచి బయల్దేరి పడమటి కనుమల మీద కురిసేసి, మన దగ్గరికి వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్య వానలు బంగాళాఖాతం వైపు నుంచి నెల్లూరు, చిత్తూరు తడుపుకుంటూ వచ్చి ఇక్కడికి చేరేలోపే చాలావరకు అయిపోతాయి. రెండు ఋతుపవనాలకూ మనం చివరి ఆయకట్టు రైతులం. ఏడాది మొత్తం పడేది సగటున 550 మిల్లీమీటర్లు. 1876–78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది పోయారు. దత్తమండలాలైన మన జిల్లాలు అందులో ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పటికి గాలిలో చేరిన బొగ్గు పొగ ఇప్పటితో పోలిస్తే అత్యల్పం.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టటానికి కారణముంది. కరువునంతా భూతాపం ఖాతాలో రాసేస్తే మనుషులు చేసిన తప్పులు కనబడకుండా పోతాయి. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడది సుమారు 105కు తగ్గింది. మన ఎగువ కాలువకు రావాల్సిన వాటా ఏటా కోతపడటానికి అది పెద్ద కారణం. చెరువుల్లో తుమ్మ మొలిచి, వాగుల మీద ప్లాట్లు వేసి, వెయ్యి అడుగుల బోర్లు దించి, ఎండిన చీనీ (బత్తాయి) తోటల్ని నరుక్కున్న కథ నీకు నేను చెప్పక్కర్లేదు. ఇందులో ఏదీ కార్బన్ డయాక్సైడ్ చేసిన పని కాదు. "అంతా వాతావరణ మార్పు, మేమేం చేస్తాం" అని ఏ అధికారైనా, ఏ నాయకుడైనా అంటే, పూడిక సంగతి అడుగు.

మరి భూమి వేడెక్కుతోందా అంటే, వేడెక్కుతోంది. నాకు అందులో అనుమానం లేదు. దాని ఋజువు ఒక జిల్లాలోనో, ఒక ఎండాకాలంలోనో దొరకదు. ప్రపంచమంతటా నేల మీద, సముద్రం మీద నూట యాభై ఏళ్లకు పైగా కొలిచిన లెక్కల్లో ఉంది. 1850–1900 మధ్య సగటుతో పోలిస్తే 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. కొలతలు మొదలైనప్పటి నుంచి 2024 దాకా అత్యంత వేడి పదేళ్లు ఏవని చూస్తే, 2015 నుంచి 2024 వరకు వరసగా ఆ పదేళ్లే. మన దేశంలో 1901 తర్వాత అత్యంత వేడి సంవత్సరం కూడా 2024 అని భారత వాతావరణ శాఖ చెప్పింది. 1901 నుంచి 2018 దాకా దేశ సగటు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు కన్నా ఇది తక్కువే. మన గాలిలోని పొగ, దుమ్ము, ఉత్తరాన సాగునీటి తడి కొంత వేడిని అడ్డుకుంటున్నాయి. రేపు గాలి శుభ్రపడితే ఆ ముసుగు తొలగి దాచిన వేడి బయటపడుతుంది. నాకు అన్నిటికన్నా దిగులు కలిగించే సంగతుల్లో ఇదొకటి.

ఒక డిగ్రీన్నరకు ఇంత గొడవెందుకు అనిపిస్తుంది. మనిషి ఒంట్లో ఒకటిన్నర డిగ్రీ సెల్సియస్ పెరిగితే దాన్ని జ్వరమంటాం కదా. భూమి మొత్తానికి సగటు అంత పెరగాలంటే చేరాల్సిన వేడి అపారం. అందులో తొంభై శాతం సముద్రాలే మింగాయి.

"సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడేమో" అని చాలామంది పెద్దలు నన్ను అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. సూర్యుడి వల్లే అయితే గాలి పొరలన్నీ, కిందివీ పైవీ, కలిసి వేడెక్కాలి. కొలిస్తే కింది పొర వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కప్పుకున్న దుప్పటి కింద వెచ్చగా ఉండి పైన చల్లగా ఉన్నట్టే ఇది. రెండో ఆనవాలు రాత్రిళ్లు. సూర్యుడే కారణమైతే పగళ్లు ఎక్కువ వేడెక్కాలి. ప్రపంచం మొత్తం మీద గత శతాబ్దంలో పగళ్ల కన్నా రాత్రిళ్లు ఎక్కువగా వేడెక్కాయి. మూడోది ఆ కార్బన్ ఎక్కడిదన్నది. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద 1958లో కొలవటం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు 315 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024కు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతగాలి బుడగల్ని పరీక్షిస్తే, గత ఎనిమిది లక్షల ఏళ్లలో అది 300 దాటిన దాఖలా లేదు. పైగా గాలిలోని కార్బన్‌లో బరువైన రకం పాలు తగ్గుతూ వస్తోంది. చెట్టూ చేమా నుంచి పుట్టిన బొగ్గు, పెట్రోలు మండితే అలా అవుతుంది. దొంగ వేలిముద్ర దొరికినట్టే లెక్క.

"ఊళ్లు పెరిగి, కాంక్రీటు పెరిగి ఉష్ణమాపకాలు ఎక్కువ చూపిస్తున్నాయి" అన్న వాదన కూడా ఉంది. ఊరి వేడి నిజమే. అనంతపురం టవర్ క్లాక్ దగ్గరా, రేకులకుంట పొలాల దగ్గరా ఒకే రాత్రి ఒకే వేడి ఉండదు. కానీ సముద్రం మధ్యలో కాంక్రీటు లేదు. అక్కడా ఇదే పెరుగుదల.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. కరువు పాతదే అన్నాను కదా, మరి భూతాపం ఇక్కడ కొత్తగా చేస్తున్నదేమిటి?

మొదటిది దప్పిక. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే నేల నుంచీ ఆకు నుంచీ తడిని ఎక్కువ లాగుతుంది. వాన మీ తాత కాలంలో పడినంతే పడినా, పదును అన్నాళ్లు నిలవదు. మన ఎర్రనేల లోతు తక్కువ, అడుగున గరుసు. పట్టుకునే నీళ్లే కొంచెం. వానకూ వానకూ మధ్య పన్నెండు రోజులు ఓర్చుకునే పైరు తొమ్మిదో రోజుకే తల వాల్చేస్తే, రికార్డుల్లో అది 'సాధారణ వర్షపాతం' అనే ఉంటుంది. రైతు పంట పోయిందంటాడు, కాగితం పోలేదంటుంది. ఈ తగాదా నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు.

రెండోది వాన పడే తీరు. వేడి గాలిలో ఆవిరి ఎక్కువ కాబట్టి, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. మధ్యలో ఎండు రోజులు సాగుతాయి. 2009 గుర్తుందా, నువ్వు అప్పటికి పసివాడివి. ఆ ఏడాది దేశం మొత్తం మీద నైరుతి వానలు 22 శాతం తక్కువ, అంటే కరువు సంవత్సరం. అదే ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురంలోనే నడిమివంక పొంగి కాలనీలు నీళ్లలో నిలబడ్డాయి. ఈ మూడింటినీ భూతాపమే చేసిందని నేను అనను. ఒక్కో వరదకు విడిగా లెక్క కట్టాలి. డ్యాం గేట్ల నిర్వహణ, వంకల ఆక్రమణ అందులో ఉన్నాయి. అయితే ఇలాంటి వానలు ఎక్కువవుతాయని శాస్త్రం ముందే చెప్పింది, అవి వచ్చినప్పుడు మన కట్టలూ కాలువలూ సిద్ధంగా లేవు.

మూడోది పూత. శెనక్కాయ విత్తిన నెల లోపు పూతకొస్తుంది. ఆ పూతలో పుప్పొడి బతకాలంటే పగటి వేడి 35 డిగ్రీల లోపు ఉండాలి. దాటేకొద్దీ కాయ కట్టే పూలు తగ్గుతాయి. ఊడలు నేలలోకి దిగే పది పదిహేను రోజుల్లో పైమట్టి గట్టిపడితే ఊడ దిగదు. పైకి చేను పచ్చగానే ఉంటుంది. పీకి చూస్తే కాయలుండవు. మీ నాన్నకు ఇలా జరిగిందేమో అడుగు.

ఇక రాత్రిళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత పుట్టిన నేల మనది, పగటి ఎండ మనకు కొత్త కాదు. కానీ ఒంటికి విశ్రాంతి దొరికేది రాత్రి. పగలు నలభై దాటి, రాత్రి కూడా మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పైనే ఉంటే వాతావరణ శాఖ దాన్ని 'వెచ్చని రాత్రి'గా లెక్కిస్తుంది. దేశంలో వేడి రాత్రిళ్లు 1950ల నుంచి పెరుగుతూ వచ్చాయి. రేకుల ఇంట్లో పడుకుని పొద్దున్నే పనికెళ్లే మనిషికి ఇది ప్రాణాంతకం. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయన్న దానికి రెండు జవాబులున్నాయి. పొగ తగ్గించే పనిలో చెప్పుకోదగ్గ పనే జరుగుతోంది. వేడిని తట్టుకునేలా మనుషుల్ని, పంటల్ని కాపాడే పని వెనకబడింది. నాకు కోపం వచ్చేది రెండోదాని మీదే.

పొగ సంగతి. 1992లో రియోలో దేశాలు తొలి ఒప్పందం చేసుకున్నాయి. 1997లో క్యోటో, 2015లో పారిస్. భూతాపాన్ని రెండు డిగ్రీలకు బాగా లోపల, వీలైతే ఒకటిన్నర దగ్గర ఆపాలన్నది పారిస్ మాట. ఒకటిన్నర అంటే ఒక్క ఏడాది లెక్క కాదు, ఇరవై ఏళ్ల సగటు. అందుకే 2024 అంకె చూసి ఒప్పందం చచ్చిపోయిందనకూడదు. ధనిక దేశాలు పేద దేశాలకు ఏటా పది వేల కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో అన్నాయి. 2020కల్లా ఇవ్వాల్సింది 2022లో గానీ ఇవ్వలేదు. 2024లో బాకూ వాతావరణ సదస్సులో, 2035 నాటికి ఏటా ముప్పై వేల కోట్ల డాలర్లన్నారు. ఇది చాలదని మన దేశం అక్కడే గట్టిగా చెప్పింది. న్యాయమైన మాటే. అమెరికావాడు తలకు ఏడాదికి పద్నాలుగు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వదిలితే, మనం రెండు టన్నులు. ఆ అమెరికా 2025 జనవరిలో పారిస్ నుంచి తప్పుకుంటున్నట్టు రెండోసారి ప్రకటించింది.

మన దేశం 2008లో ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. సౌరశక్తి మిషన్ అందులోదే. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. 2030 కల్లా విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులతో పనిలేనిది కావాలని లక్ష్యం పెట్టుకుని, అయిదేళ్లు ముందే 2025లో అందుకుంది. ఇందులో మన సీమ పాత్ర చిన్నది కాదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు 1990లలోనే తిరిగాయి. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఎన్.పి.కుంటలో, తాడిపత్రి దగ్గర తలారిచెరువులో పలకలు పరుచుకున్నాయి. అదే 2017లో కడప పార్కు వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. సౌర విద్యుత్తు ఖరీదు అన్న మాట ఆ రోజుల్లోనే చెల్లకుండా పోయింది.

అయితే ఒక తేడా గమనించు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు రాత్రి సున్నా. పగలూ రాత్రీ సగటు తీస్తే పావు వంతు దాకా ఇస్తుంది. అందుకే స్థాపిత సామర్థ్యంలో సగం దాటినా, మనం వాడే కరెంటులో పదింట ఏడు పాళ్లు ఇప్పటికీ బొగ్గుదే. ముద్దనూరు దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు రైళ్లు ఆగలేదు. పగటి కరెంటును రాత్రికి దాచుకునే పద్ధతి కావాలి. నీళ్లు పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజి కేంద్రం పిన్నాపురంలో వచ్చింది అందుకోసమే. ఇలాంటివి ఎన్ని తొందరగా వస్తే బొగ్గు అంత తొందరగా తగ్గుతుంది. ఇంకొక్క మాట: పార్కులకు తీసుకున్న బీళ్లు ఉత్త బీళ్లు కావు. గొర్రెల కాపరులకు అవి మేపు. వాళ్లకు పట్టా ఉండదు కాబట్టి పరిహారం లెక్కలో వాళ్లు కనబడరు. భూమిని కాపాడే పని వాళ్ల నోటి దగ్గర కూడు తీసి చెయ్యకూడదు.

తట్టుకునే పని విషయానికొస్తే, నేను పనిచేసిన రంగం కాబట్టి మంచీ చెడూ రెండూ తెలుసు. 2011లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి, వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం కోసం 'నిక్రా' పథకం మొదలుపెట్టింది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రిడా) దాన్ని నడిపిస్తోంది. కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా గ్రామాలను దత్తత తీసుకుని బెట్ట తట్టుకునే రకాలు, పంటకుంటలు, ప్రత్యామ్నాయ పంటలు చేసి చూపించింది. కదిరి పరిశోధనా కేంద్రం కదిరి-6, తర్వాత కదిరి లేపాక్షి అనే శెనక్కాయ రకాలు ఇచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే మొదలైంది. మన ఊళ్లలో దాన్ని ఇప్పటికీ 'కరువు పని' అంటారు. ఆ పనితో తవ్విన కుంటలు ఎన్నో బోర్లను బతికించాయి. హంద్రీ–నీవా కాలువ 2012లో కృష్ణా నీళ్లను జీడిపల్లికి తెచ్చింది. మండలాల వారీగా ఎండ హెచ్చరికలు రాష్ట్ర విపత్తుల సంస్థ ముందే ఫోన్లకు పంపుతోంది. ఇవన్నీ నిజంగా జరిగిన మంచి పనులు.

లోపం ఎక్కడంటే, చూపించిన గ్రామంలో బాగుంటుంది, పక్క గ్రామానికి పోదు. కుంట తవ్వాక పూడిక తీసే బడ్జెట్ ఉండదు. కరువొచ్చిన ఏడాది ఉలవ, అలసంద, కొర్ర విత్తనం సబ్సిడీ మీద ఇస్తామంటారు. అది రైతు చేతికందేసరికి అదును దాటిపోతుంది. బీమా లెక్కలో వానల మధ్య ఎండు రోజుల్ని సరిగ్గా పట్టించుకోరు. వడదెబ్బ సంగతి మరీ అన్యాయం. 15వ ఆర్థిక సంఘం కాలందాకా కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో చలిగాలులు ఉండేవి, వడగాలులు ఉండేవి కావు. రాష్ట్రాలు విపత్తు నిధిలో పది శాతం దాకా సొంతంగా ప్రకటించిన విపత్తులకు వాడుకునే వీలుండేది, అంతే. ఎండలోనే ప్రాణాలు పోయే నేలకు చలి జాబితా ఎందుకు?

ఇక మీ నాన్న సంగతి. శెనక్కాయ మానెయ్యమని నేను చెప్పను. ఉన్న పొలమంతా దాంట్లోనే పెట్టొద్దని మాత్రం చెబుతాను. ఒక మంచి వాన పడి జానెడు లోతు పదును దిగాకే విత్తమను. దుమ్ములో విత్తి వాన కోసం చూడొద్దు, వానకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతైతే వేరే లెక్క. జూలై దాటితే శెనక్కాయ మాట మరిచిపోయి కొర్ర, ఉలవ, జొన్న వైపు పోవాలి. చేను మొత్తానికీ వరసల్లో కంది వెయ్యమను. శెనక్కాయ పోయినా చివరి వానలకు కంది నిలబడుతుంది. ఒక మూల పంటకుంట ఉంటే, ఊడలు దిగే సమయంలో ఒక్క తడి ఇచ్చినా పంట తీరు మారుతుంది. మీ పొలానికి దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే విత్తే ముందు ఒక్కసారి వెళ్లి రండి.

నీకు మాత్రం ఒక పని చెబుతాను. మీ దొడ్లో, చెట్టుకూ గోడకూ దూరంగా, ఒక వర్షమాపకం పెట్టుకో. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకే కొలువు. రెండున్నర మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ పడితేనే వాన రోజు. వాన రోజుల్ని, వాటి మధ్య ఎండు రోజుల్ని విడివిడిగా రాసిపెట్టు. మండలంలో ఎక్కడో ఉన్న వర్షమాపకం మీ చేను మీద పడిన వానను చెప్పదు. రేపు బీమావాళ్లు సాధారణ వర్షపాతమే అన్నప్పుడు మీ నాన్న చేతిలో ఆ నోటుపుస్తకం ఉండాలి.